చింపిన దసరా

కొత్త ప్లానర్ తెరిస్తే అచ్చు సిరా వాసనొచ్చింది. చిన్నప్పుడు ఎల్లారెడ్డిల మా ఇంటి గోడకున్న క్యాలెండర్‌దీ ఇదే వాసన.

బొంబైకి పనికి పోయిన బాపు దసరాకొస్తడని అమ్మ నాతోని రోజుకో తారీఖు గడి కొట్టిచ్చేది. నాకు ఓపిక పట్టలే. నడుమ నెలలు చింపేస్తే దసరా తొందరగ వస్తదనుకొని ఆ కాయిదాలన్నీ పొయ్యిల వేసిన. ఆ గుంజుడుల దసరా నెల గూడ పోయింది.

మా పెద్దబాపు చూసి పకపక నవ్విండు. "మీ బాపొచ్చే నెలనే కాలవెడితివి. ఇగెట్లొస్తడే?"

బాపు నిజంగనే రాలే. నా వల్లనేనని ఏండ్లు ఏడ్చిన. మల్ల ఏ తారీఖూ పోగొట్టుకోవద్దని మొదలు పరీక్షలు, తర్వాత గ్యాస్ బండ, ఇప్పుడు ప్రతి పనీ రాసుకునుడు అలవాటైంది.

బాపు బొంబైల ఇంకో పెండ్లి చేసుకున్నడని పెద్దబాపుకు నవ్విన ఆ పొద్దే తెలుసట. రేపు కామారెడ్డిల పెద్దబాపు దినాలు. ప్లానర్‌ల ఆ గడి ఖాళీగనే పెట్టిన.