అమ్మ వేసిన సున్నం గీకడానికి పద్దెనిమిది వేలు

మా చిన్నప్పుడు... మా ఇంటికి సున్నం వేసింది మా అమ్మ. పేరు మాత్రం మా నాన్నది. ఈ కోపం నాకు అరవై ఏళ్లుగా ఉంది.

తిరువూరులో మాది మూడు గదుల పెంకుటిల్లు. ఎండలు ముదరగానే అమ్మ గుల్లసున్నం కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. గోలెంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడికేది... మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. చల్లారాక అందులో గంజి, కాస్త నీలిమందు. ఈత మట్ట చివర రాయితో నలగ్గొడితే అదే కుంచె.

మూడు రోజులు నిచ్చెన మీదే ఉండేది. వేళ్లు పగిలి నెత్తురొచ్చేది. కూర కలిపితే కారం మండి తినలేకపోయేది... నేనే ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాణ్ణి.

పని అయ్యాక మా పెదనాన్న వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఏరా, ఇల్లు తెల్లగా వేయించావే."

నాన్న నోట్లో చుట్ట తియ్యకుండానే, "ఆఁ... వేయించా అన్నయ్యా."

లోపల అమ్మకి వినబడేది. వేసింది నా పెళ్లాం అని ఒక్క ఏడు కూడా అనలేదు ఆ మనిషి.

అమ్మ పోయాక కుంచె నేను పట్టాను. రెండేళ్ల కిందట మోకాళ్లు పోయాయి... ఆగిపోయింది. ఇప్పుడు గోడలు పొడి రాలుతున్నాయి. మనవరాలికి దగ్గు. ఈ పొడి వల్లే అంటుంది కోడలు, ఆమె తప్పేం లేదు. రంగులు వేయిద్దాం నాన్నా అన్నాడు మా అబ్బాయి.

ఎ.కొండూరు నుంచి పెయింటింగ్ మేస్త్రి వచ్చాడు. వెనక గదిలో అరచేతి మేర గీకి చూశాడు. పొర కింద పొర...

"పెద్దాయనా, మీ ఇంట్లో గోడ తక్కువ, సున్నం ఎక్కువండి."

"దాని మీదే వేసెయ్యి."

"పట్టదండి. పుట్టీతో సహా ఊడొచ్చేస్తది. మొత్తం గీకాల్సిందే."

"ఏమీ మిగలదా?"

"మిగిలితే నా పని చెడుద్దండి."

పుట్టీ, ప్రైమరు, రెండు కోటింగులు, కూలి... అంతా కలిపి అరవై ఐదు వేలు. చీటీలో అన్నిటికన్నా పైన రాశాడు. పాత సున్నం గీకుడు, పద్దెనిమిది వేలు. నాకు చదువు అంతంత మాత్రం. ఆ లైను మాత్రం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. మా అమ్మ పని కాగితం మీదకి ఎక్కడం అదే మొదటిసారి.

వేసినన్నాళ్లూ ఆమెకి ఒక మంచి మాట లేదు. తీసెయ్యడానికి మాత్రం ఇంత ఖర్చు...

ఇంకో సంగతి. నాన్నని ఇన్ని మాటలు అన్న నేను, ఇది మా అమ్మ వేసిందయ్యా అని ఆ మేస్త్రికి చెప్పలేదు. తల ఊపాను. అడ్వాన్సు నా చేత్తోనే ఇచ్చాను.

మీ ఇంటికి ఎవరు వేసేవారో మీరూ రాయండి... కానీ ముందు నాకు ఒక జవాబు కావాలి. తిరువూరులో గానీ, గంపలగూడెం వైపు గానీ, పొడి రాలకుండా సున్నం వెయ్యగల మనిషి ఒక్కడైనా మిగిలాడా? ఇల్లంతా వద్దు. ఆ వెనక గదిలో ఒక్క గోడ చాలు, అమ్మ సున్నం గీకించకుండా దాని మీదే వేయిస్తాను.

ఆదివారం చీకటి పడేలోపు చెప్పండి. సోమవారం పొద్దున్నే గీకేవాళ్లు వస్తారు. లేడంటే, లేడనైనా చెప్పండి.