పిన్ని ఇంటి కింద

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. పనికెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో పెట్టుకుని చూసుకునేది. పిల్లలు పిన్ని అన్నారు, వాళ్ళ తల్లులూ పిన్నే అన్నారు. ఎదురింటి దర్జీ ఆవిడ వయసులో ఆమెకంటే బాగా పెద్దది. ఆవిడ కూడా సాయంత్రం మనవణ్ణి తీసుకెళ్ళడానికొచ్చి, "పిన్నీ, మావాడు అన్నం తిన్నాడా, నిన్ను తిన్నాడా?" అని అడిగేది.

పిన్నికి సొంత పిల్లలు లేరు. ఆ మాట పైవాళ్ళు ఎత్తితే అత్తగారు ఊరుకునేది కాదు. "ఎందుకు లేరూ? ఊళ్ళో ముక్కులన్నీ మా కోడలి కొంగుకే తుడుస్తున్నారుగా!" అనేది. అత్తగారికి చెవుడు. తనకి వినపడదు కాబట్టి లోకానికీ వినపడదనుకుని ప్రతి మాటా అరిచే చెప్పేది.

ముందు గది పిల్లలది. మధ్య గదిలో అత్తగారి మంచం. దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక చిన్న పెరడు. పెరటి గోడకి ఆనుకునే నీళ్ళ కంపెనీ ప్రహరీ. ఊరికి చెందాల్సిన నీళ్ళని భూమిలోంచి తోడి, సీసాల్లో నింపి, లారీల్లో పంపించే కంపెనీ. పిన్ని భర్త అక్కడే గేటు దగ్గర వాచ్‌మన్. కంపెనీ వచ్చాక వీధి కుళాయి సన్నబడి, ఆఖరికి గాలి మాత్రం వదలడం మొదలుపెట్టింది. జనం తిట్టుకున్నారు, ట్యాంకరు కోసం వరసలో నిలబడ్డారు, అలవాటుపడ్డారు. ఇంట్లో ఒకరికి అక్కడ ఉద్యోగం ఉంటే రెండోవాళ్ళు నోరెత్తడం కష్టం. ఆ వీధిలో సగం ఇళ్ళు అలాంటివే.

మొదట తేడా కనిపెట్టింది పిల్లలు. ముందు గదిలో బంతి పెడితే అది దానంతటదే కదిలి, మధ్య గది దాటి, వంటింట్లోకి దొర్లుకుంటూ వెళ్ళిపోయేది.

"పిన్నీ! బంతికి ఆకలేస్తోంది! వంటింట్లోకి పోతోంది!"

పిల్లలు పగలబడి నవ్వారు. పిన్నీ నవ్వింది. నవ్వుతూనే బంతి వెనకాల వెళ్ళి, వంటింట్లో నిలబడి, అరిపాదాలతో గచ్చుని అదిమి చూసింది. నిన్నటి నేలలా లేదు. ఎవరో ఇంటిని వెనకవైపు నుంచి మెల్లగా కిందికి లాగుతున్నట్టుంది.

తర్వాత గోడ మీద పగులు వచ్చింది. చెయ్యి తిరిగినవాళ్ళ కోసం ఆగకుండా పిన్ని తనే సిమెంటు కలిపి పూసింది. వారం తిరక్కుండా పగులు మళ్ళీ నోరు తెరిచింది, ఈసారి వేలు పట్టేంత. ఒక మధ్యాహ్నం చేతిలోంచి గిన్నె జారి గచ్చు మీద పడింది. ఖంగుమనాల్సింది పోయి, కింద ఎక్కడో లోతుగా, ఖాళీ పీపా మీద కొట్టినట్టు మోగింది.

"అత్తయ్యా, విన్నారా?"

"ఏమిటీ?"

"నేల కింద చప్పుడు!"

"నాకేం వినపళ్ళేదే!"

"మీకు ఉరుమే వినపడదు కదా అత్తయ్యా," అంది పిన్ని, తనలో తనే. మళ్ళీ గిన్నె వెయ్యడానికి ధైర్యం చాల్లేదు.

నీళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. "గోడ పగిలితే ఇళ్ళ ఆఫీసుకి వెళ్ళాలమ్మా, మాకేం సంబంధం?" అన్నాడు గుమస్తా. ఇళ్ళ ఆఫీసువాళ్ళు, "నీళ్ళు తోడటం వల్ల పగిలిందంటున్నారుగా, మరి నీళ్ళ ఆఫీసే చూడాలి," అన్నారు. బంతిలాగే తనూ అటూ ఇటూ దొర్లింది. ఆఖరికి ఆమె పోరు పడలేక ఇన్‌స్పెక్టరు వస్తానన్నాడు. వచ్చాడు, కంపెనీ కారులో.

గేటు తీసింది పిన్ని భర్తే. ఇన్‌స్పెక్టరు గేటు పక్కనున్న మీటరు చూశాడు. ఒక్క బోరుకే అనుమతి, దానికి మీటరుంది, అది ఒప్పుకున్న లెక్క దాటలేదు. ఆ తర్వాత పిన్ని ఇంటికొచ్చాడు. మధ్య గదిలో నిలబడి గోడ మీద పెన్నుతో టకటకా కొట్టి, "పాత ఇల్లు కదా. పాత ఇళ్ళు ఇంతే," అన్నాడు.

"వంటింట్లోకి వచ్చి చూడండి సార్, గచ్చు మీద కాలు పెట్టండి, మీకే తెలుస్తుంది."

"కనపడుతోందిలే, ఇక్కణ్ణుంచి కనపడుతోంది."

గడప దాటలేదు. ఎంత బతిమాలినా దాటలేదు. పిన్ని అతని బూట్ల వైపు చూసింది. గడపకి జానెడు ఇవతలే ఆగిపోయి ఉన్నాయి. వీడికి తెలుసు అనుకుంది. ఆ క్షణంలో కలిగిన భయం ముందు, పగుళ్ళు చూసినప్పటి భయం ఏ మూలకీ రాదు. తెలియనివాడికి చెప్పుకోవచ్చు. తెలిసినవాడికి ఏం చెప్పుకుంటాం?

ఆ మర్నాడే కంపెనీ సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. మెత్తటి మనిషి. చెప్పులు బయటే విడిచి, కుర్చీ వేస్తే కూర్చుని, అత్తగారికి నమస్కారం కూడా పెట్టాడు.

"మీ ఆయన మాకు బాగా కావలసినవాడమ్మా. నమ్మకస్తుడు. నమ్మకం అనేది ఇంటిల్లిపాదికీ ఉండాలి కదా." పిల్లల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు. "ఇంతమంది పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవడానికి మీకు పర్మిషనుందా? లేదా? అయ్యో. నేనేం అననమ్మా. కానీ రోజులు మంచివి కావు, ఎవడో గిట్టనివాడు ఫిర్యాదు చేస్తే..."

మాట పూర్తిచెయ్యకుండానే లేచాడు. వెళ్తూ వెళ్తూ ఒక పసిదాని బుగ్గ నిమిరాడు. పిన్ని ఆ పిల్లని చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది.

డ్యూటీ దిగి వచ్చిన భర్త ఉగ్రుడైపోయాడు. "నన్ను ఆఫీసులోకి పిలిచి నిలబెట్టారు! తిన్నింటి వాసాలు లెక్కపెడతావా నువ్వు?"

"మనింటి వాసాలే ఊగుతున్నాయండీ," అంది పిన్ని.

ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. అత్తగారు మంచం మీంచి కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకి వినపడదని తెలిసినా ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"ఒక్క బోరు కాదు. వెనక షెడ్డులో ఇంకా ఉన్నాయి. వాటికి మీటర్లు లేవు. రాత్రీ పగలూ ఆగవు. ఈమధ్య నీళ్ళతో పాటు మట్టి వస్తోంది. నీళ్ళు వడకట్టే జల్లెడ తొట్లు నిండిపోతుంటే లారీకెత్తి ఎక్కడో పారబోస్తున్నారు."

"మట్టా? ఏం మట్టి?"

ఆయన బూటు విప్పి, మడమ తిప్పి చూపించాడు. పసుప్పచ్చని మెత్తటి మట్టి. పెరట్లో స్నానాల గది కట్టేటప్పుడు పునాదిలోంచి తవ్వితీసింది ఇదే. ఈ రంగు మట్టి ఆ గోడ అవతల లేదు, అక్కడంతా నల్లరేగడి. ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు.

"మరి ఎవరికైనా చెప్పలేకపోయారా?"

"ఎవరికి చెప్పను? ఇన్‌స్పెక్టరు వస్తే టీ పట్టుకెళ్ళేది నేనే. ఆ షెడ్డులో కూర్చునే తాగుతాడు."

మర్నాడు పొద్దున తల్లులు పిల్లల్ని తీసుకొచ్చేసరికి పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "ఇవాళ్టినుంచి లోపలికి వద్దు. దర్జీ అక్కయ్య వరండాలో ఉంటాం," అంది. కొందరు గొణిగారు. కొందరు, "పిన్నికి మతి చెడింది, ఇల్లు తనని మింగేస్తుందిట!" అని నవ్వి పిల్లల్ని వేరేచోట పెట్టుకున్నారు. దర్జీ ఆవిడ మాత్రం మిషను లోపలికి జరిపి చాపలు పరిచింది.

అత్తగారితోనే వచ్చింది చిక్కు. "ఈ ఇంట్లోంచి నేను కదిలేది నలుగురి భుజాల మీదే!" అని వీధంతా వినపడేలా అరిచి, దుప్పటి కప్పుకుని అటు తిరిగింది. బలవంతంగా ఎత్తబోతే మంచం పట్టె పట్టుకుంది. కాళ్ళు పట్టుకుని బతిమాలినా వినలేదు. పిన్ని ఎదురింటి వరండాలో పిల్లలకి అన్నం పెడుతూనే, కళ్ళు మాత్రం తన గుమ్మం మీద వేసి ఉంచేది. అక్కడ లారీ మలుపు తిరిగినా ఇక్కడ ఆమె చేతిలో ముద్ద ఆగిపోయేది.

అది జరిగింది మిట్టమధ్యాహ్నం. పిల్లలు చాపల మీద నిద్రపోతున్నారు. కంకర లారీ ఒక్కసారిగా బోర్లించినట్టు చప్పుడైంది. కాళ్ళ కింద అరుగు వణికింది. పిన్ని చూస్తుండగానే తన ఇంటి కప్పు మీంచి దుమ్ము లేచింది. వంటింటి పొగగొట్టం కనపడకుండా పోయింది.

పిన్ని పరిగెత్తింది. ముందు గది దాటగానే ఎదురుగా వెలుతురు కనపడింది. గోడ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. వంటిల్లు లేదు. పెరడు లేదు. మధ్య గదిలో సగం గచ్చు విరిగి గుంటలోకి వంగి ఉంది. ఆ వంపు అంచున మంచం, మంచం మీద అత్తగారు, నిండా దుమ్ముతో.

"ఎవత్తే తలుపు అంత గట్టిగా వేసిందీ?" అని అరిచింది అత్తగారు.

"అత్తయ్యా, కదలకండి!" అంది పిన్ని. వినపడదని గుర్తొచ్చి, రెండు చేతులూ ఎత్తి వద్దు వద్దని చూపించింది. బోర్లా పడుకుని, గచ్చు మీద పాక్కుంటూ వెళ్ళింది. చేతి కింద పెళ్ళలు ఊడి జారిపోతున్నాయి. అవి కింద పడ్డ చప్పుడు ఎప్పటికో గానీ రావడంలేదు. మంచం కోడు చేతికందేసరికి వెనకనుంచి ఎవరో ఆమె చీలమండ పట్టుకున్నారు. భర్త. గేటు వదిలేసి యూనిఫాంతోనే వచ్చేశాడు.

"పట్టుకో, వదలకు! నేను లాగుతున్నా!"

మంచం ఒక్కొక్క జానే వెనక్కి వచ్చింది. అప్పుడు తల తిప్పి గుంటలోకి చూసింది అత్తగారు. జీవితంలో మొదటిసారి కోడలి మెడ రెండు చేతులా కావిలించుకుంది. గుంట అడుగున నీళ్ళు లేవు. చీకటి ఉంది. ఆ చీకట్లో ఎక్కడో, గొట్టంతో గ్లాసు అడుగు పీల్చినట్టు, గురగురమని మోటారు ఇంకా లాగుతూనే ఉంది.

అత్తగారికి దెబ్బలేం తగల్లేదు. కానీ చాలా రోజులదాకా కాలు నేల మీద మోపనంది. కూర్చునే నిద్రపోయేది.

ఎప్పుడో పూడ్చిన పాత బావి కుంగిందని కంపెనీ చెప్పింది. నీళ్ళ ఆఫీసు తల ఊపింది. అయితే గుంట మరీ పెద్దది కావడంతో పై ఊరినుంచి ఒక పెద్ద అధికారి విచారణకొచ్చాడు. సమావేశ మందిరంలో ఆయన పక్క కుర్చీలోనే ఇన్‌స్పెక్టరు, రెండో వరసలో సూపర్‌వైజరు. వెనకంతా వీధి జనం.

"ఎవరైనా చెప్పేదుంటే చెప్పండి," అన్నాడు అధికారి.

ఎవరూ లేవలేదు. పిన్ని లేచింది. సూపర్‌వైజరు వెనక్కి తిరిగి ఎంతో ఆదరంగా నవ్వాడు. ఆ నవ్వు చూడగానే రాబోయిన మాట కాస్తా కడుపులోకి దిగిపోయింది. అప్పుడు పక్కన కుర్చీ కిర్రుమంది. భర్త లేచి నిలబడ్డాడు.

"వెనక షెడ్డు తాళం నా దగ్గరే ఉందండీ," అన్నాడు. "ఇప్పుడే వస్తే తీసి చూపిస్తాను."

అధికారి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు తన పెన్ను వైపు చూసుకున్నాడు. మందిరంలో ఎవరో పిల్లాడు దగ్గితే అందరూ ఉలిక్కిపడ్డారు. చివరికి అధికారి లేచి, "పదండి," అన్నాడు.

ఆ బోర్లకి సీళ్ళు వేశారు. కంపెనీ ఏదో జరిమానా కట్టింది. ఇన్‌స్పెక్టరుకి బదిలీ అయింది, ఇంకాస్త మంచి చోటికే అన్నారు జనం. భర్త ఉద్యోగం ఆ పూటే పోయింది. కంపెనీలో పనిచేసేవాళ్ళు ఎదురుపడితే తల తిప్పుకునేవారు. ఒకడైతే, "మీ ఇల్లు పోయిందని మా పొయ్యిలో కూడా నీళ్ళు పోశావుగా," అని మొహం మీదే అన్నాడు. ఊరికి ఆ చివర రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఆయన బజారులో కాపలాకి కుదిరాడు. పిన్ని మళ్ళీ పిల్లల్ని చేర్చుకుంది. నవ్వినవాళ్ళు కూడా ఏమీ జరగనట్టే వచ్చి పిల్లల్ని దింపి వెళ్ళారు.

కొన్నాళ్ళకి పాత తోటి వాచ్‌మన్ ఒకడు బజారులో పిన్ని భర్తకి కనపడి, అటూ ఇటూ చూసి చెప్పాడు. "కంపెనీ ఆవరణలో అవతలి చివర, ప్రహరీ పక్కనే కొత్త షెడ్డు వేశారన్నా. మళ్ళీ మొదలైంది. మట్టి వస్తోంది." ఆ చివర ప్రహరీని ఆనుకుని ఉన్నది చిన్నపిల్లల బడి.

ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పాక పిన్నికి ముద్ద దిగలేదు. మళ్ళీ ఆ నవ్వు, ఆ మెత్తటి మాటలు, మొహాలు తిప్పుకునే జనం. ఈసారి ఈ అద్దె గదులూ పోవచ్చు. భర్త మొహంలోకి చూసింది. "నేను ఆపను," అన్నాడాయన. "కానీ భయంగా ఉందే."

"నాకు లేదనుకున్నారా?" అంది. అని, చెప్పులేసుకుని బడికి బయల్దేరింది.

పెద్ద టీచరు ఆమె మాటలు సగం విని, "పైనుంచి కాగితం రాకుండా గదులు ఖాళీ చేయిస్తే నన్నేమంటారో తెలుసా అమ్మా?" అంది. పిన్ని వాదించలేదు. గుంట అడుగునుంచి తను విన్నదేమిటో చెప్పింది. చెబుతుంటే పెద్ద టీచరు తనకి తెలియకుండానే కాళ్ళు కుర్చీ మీదికి తీసుకుంది. ఆ మర్నాటినుంచి ప్రహరీ పక్కనున్న రెండు తరగతులూ వీధివైపు రేకుల పందిట్లో నడుస్తున్నాయి. పెద్ద టీచరుని పైనుంచి సంజాయిషీ అడిగారు. నీళ్ళ ఆఫీసు నుంచి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చి, మీటరు చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ గదులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎండకి పిల్లలు అల్లాడిపోతున్నారని, ఇదంతా ఆ పిచ్చి పిన్ని చేసిన నిర్వాకమని తల్లులు తిడుతున్నారు. ఆ తిట్లు పిన్ని చెవిన పడుతూనే ఉన్నాయి. తిట్టనీ అనుకుంటుంది. తన మాట అబద్ధమైపోవాలనీ, ఊరంతా జన్మంతా తనని పిచ్చిదనే అనుకోవాలనీ రోజూ కోరుకుంటుంది.