నాన్న చెవిలో తప్పు తారీఖులు

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషితో రోజూ మాట్లాడుతూనే ఉండాలని డాక్టరు చెప్పాడు. ఏం మాట్లాడాలో చెప్పలేదు. అమ్మ దేవుడి సంగతులు మాట్లాడేది. అన్నయ్య బడా బజార్‌లో మా చింతపండు కొట్టుకి ఏ సరుకు దిగిందో, ఎవరు వచ్చి అడిగి వెళ్లారో చెప్పేవాడు. నాన్న పైకప్పు వైపు చూస్తూ పడుకునేవాడు. నేను మాత్రం ఆయనకి అబద్ధాలు చెప్పాలని నిశ్చయించుకున్నాను.

దానికి కారణం ఉంది. నాన్నకి సినిమా పిచ్చి, అందులోనూ తారీఖుల పిచ్చి. పొద్దున్నే కొట్టు తెరిచి, అగరొత్తి వెలిగించి, బోణీ అయ్యేలోపే ఆ తారీఖున ఏమేం జరిగాయో వల్లించేవాడు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ సినిమా మా బరంపురం వచ్చింది, ఏ హాలుకి తాళం పడింది. వినేవాళ్లున్నారా లేదా అన్నది ఆయనకి పట్టదు. మూటలు దింపేవాళ్లు వినేవారు, ఒడియా బేరగాళ్లు వినేవారు, విసుక్కుంటూ నేనూ వినేదాన్ని.

ఆంధ్రాలో సినిమా విడుదలైన తారీఖు ఆయన దగ్గర చెల్లదు. ఆ రోజుల్లో రీళ్ల పెట్టె అక్కడి ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడి, ఎప్పటికో ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో ఉన్న మా ఊరికి చేరేది. అది మా స్టేషన్లో దిగిన రోజే అసలు రోజు. "ఆళ్లు సూసినప్పుడు ఆళ్లకి, మనం సూసినప్పుడు మనకి" అనేవాడు. ఎవరైనా ఆంధ్రా తారీఖు చెప్తే చాలు, బేరం వదిలేసి వాదనకి దిగేవాడు. బజారులో అందరికీ ఈ బలహీనత తెలుసు. టీ తాగే వేళకి వచ్చి, కావాలని ఒక తప్పు చెప్పి, ఆయన్ని ఎగదోసి నవ్వుకుంటూ పోయేవారు. ఫోన్లు వచ్చాక చుట్టాల గ్రూపులో ఎవరో ఒకరు "చరిత్రలో ఈ రోజు" అని పెట్టడం, ఈయన దానికి గొంతు రికార్డు చేసి పంపడం. ప్రతి రికార్డూ ఒకే మాటతో మొదలయ్యేది, "కాదు" అని.

నాకు ఆ "కాదు" కావాలి. నడవకపోయినా ఫరవాలేదు, కుడిచెయ్యి లేవకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క మాట అంటే మా నాన్న లోపల ఉన్నట్టే.

హల్దియాపదర్ పేటలో మా ఇంట్లో ముందు గదిలో ఆయన మంచం వేశాం. రోజూ కుర్చీ లాక్కుని కూర్చుని తప్పులు చెప్పేదాన్ని. పోయిన నటుడు బతికే ఉన్నాడన్నాను. ఒడియా సినిమాతో తెరిచిన హాలుని హిందీ సినిమాతో తెరిచారన్నాను. పాడినావిడ పుట్టినరోజు నటించినావిడకి అంటగట్టాను. నాన్న రెప్పలు కొట్టుకునేవి, అంతే. నాకు ఒళ్లు మండిపోయేది. రోగి మీద కోపమేమిటంటే ఏం చెప్పను, వచ్చేది.

"ఇంత తప్పు సెప్తంటే ఊరుకుంటావేటి నాన్నా? ఏటో ఒకటి అను" అని ఒకరోజు గట్టిగా అరిచాను.

"అరవకే. ఆయనేటి సెవిటోడా" అని అమ్మ కసిరింది.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. మాట రావాలంటే మొదటి నెలల్లోనే రావాలని డాక్టరు అన్నాడు. ఆ మొదటి నెలలు నా కళ్లముందే అయిపోతున్నాయి.

అలా ఉండగా అమ్మానాన్నల పెళ్లిరోజు వచ్చింది. ఆ తారీఖంటే నాన్నకి మహా గర్వం. ఒక పెద్ద హాస్యనటుడు పోయిన రోజది. మా ఊరి పెద్ద హాల్లో మొదటి ఆట పడిన రోజు. మా దగ్గర్లోని రామయ్యపట్నం జాలర్లు వేట మానుకుని, బస్సు మాట్లాడుకుని వచ్చి చూసిన పౌరాణికం పెట్టె దిగిన రోజు. ఏళ్ల తరవాత అదే తారీఖున ఆ హాలు మూతబడింది కూడా. ఇవన్నీ చెప్పి, చివర్లో తన పెళ్లి చెప్పేవాడు. "మన పెళ్లి ఆఖర్నా సెప్తారు?" అని అమ్మ ఏటా అలిగేది.

ఆ పొద్దున ఆయనకి గడ్డం గీసి, ఉతికిన చొక్కా తొడిగాం. ఉన్న తప్పులన్నీ కూడగట్టుకుని కూర్చున్నాను. హాస్యనటుడు ఈ రోజే పుట్టాడన్నాను. హాలు ఇంకా ఆడుతోందన్నాను. జాలర్లు ఒక్కరూ రాలేదన్నాను. ఆఖరికి ఆయన అస్సలు సహించలేనిది చెప్పాను.

"ఆ పౌరాణికం ఆంధ్రాలో వచ్చిన రోజే మనకీ వచ్చింది కదా నాన్నా."

నాన్న నా వైపు తిరిగాడు. పెదవి ఒక పక్కకి లాగింది. గొంతులో ఏదో కదిలింది. నేను మంచం పట్టె పట్టుకుని, అను నాన్నా, అను, అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

"అవును" అన్నాడు.

గుమ్మంలో ఉన్న అమ్మ చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. "మాటొచ్చింది, మీ నాన్నకి మాటొచ్చింది" అంటూ అన్నయ్యకి ఫోన్ కలిపింది.  నేను నమ్మలేక మళ్లీ అడిగాను.

"ఈ ఊళ్లో సినిమా హాలన్నదే ఎప్పుడూ లేదు కదా?"

"అవును."

ఈసారి తప్పులు మానేసి అన్నీ నిజాలే చెప్పాను. హాస్యనటుడు పోయాడని, హాలు మూతబడిందని, జాలర్లు బస్సు కట్టించుకుని వచ్చారని. దేనికైనా అదే మాట, అదే గొంతు. ఎవరేం చెప్పినా తలూపే కొత్త మనిషెవరో నాన్న చొక్కా తొడుక్కున్నట్టుంది.

అమ్మ ఫోన్ పెట్టేసి ఆయన పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకుని, జుట్టు సర్దుకుంది. "నేనెవరో ఎరికేనేమో అడగవే" అంది.

అడగకపోతే నేనెవరని తనే అడిగేస్తుంది, దానికీ అవుననే వస్తుంది. "నాన్నా, ఈవిడ అమ్మేనా?" అన్నాను.

"అవును."

అమ్మ ఆయన చేతిని చెంపకి ఆనించుకుని నవ్వుతూ ఏడ్చింది. పెళ్లిరోజున ఇంతకన్నా ఏం కావాలంది. కాసేపటికి నన్ను దగ్గరికి లాక్కుంది.

"నువ్వెవరో కూడా అడుగే. నువ్వంటే పేణం కదా ఆయనకి."

నేను అడగలేదు.