నర్సక్క కడుపులో ఏముంది?

నిన్న పొద్దున గిద్దలూరు బస్టాండులో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. నర్సక్క పోయిందట.

మొన్నటిదాకా మా ఇంట్లో ఉన్న మనిషి. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నర్సక్క మా పెద్దమ్మ కూతురు. బేస్తవారిపేట దగ్గర ఇచ్చారు. జీవాలు మేపే ఇల్లు. చేలోంచి రాగానే గోంగూర పచ్చడితో ఇంత సంగటి లాగించేది. తినేటప్పుడు పలకరిస్తే కసిరేది.

పోయినేడు బావ హఠాత్తుగా చనిపోయాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. మా అమ్మే వండి తీసుకుపోయి, వద్దంటున్నా బతిమాలి, పెరుగన్నం ముద్దలు తినిపించింది.

తర్వాత అక్కకు ఆకలి చచ్చిపోయింది. తింటే వికారం. నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు.

అంతే, వాళ్ల అత్తకు అనుమానం.

"మీ చిన్నమ్మ ముద్ద తిన్నకాడి నుంచే ఇట్లయింది. మందు పెట్టినాది."

తిండిలో ఎవరో మందు కలిపి పెడితే అది కడుపులోనే ఉండి, మనిషి దిగులుతో ఎండిపోతాడని మా వైపు నమ్మకం. నిప్పు లేనిదే పొగ రాదన్నారు చుట్టాలు. మా అమ్మ గురించి!

మందు తీసేవాడి దగ్గరికి తీసుకుపోయారు. పసరు తాగించి కక్కించాడు. నల్లటి ముద్ద చూపించి ఇదే అన్నాడట. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి కడుపులో ముద్ద ఎక్కడిది? ముందే వాడి గుప్పిట్లో ఉందని నా డౌట్. ఒక్కరూ అడగలేదు.

నేనే మార్కాపురంలో డాక్టర్‌కు చూపించాను. స్కానింగ్ నార్మల్. ఇది డిప్రెషన్, దిగులుకు కడుపు కూడా మొరాయిస్తుంది, తినకపోతే దిగులు ఇంకా ముదురుతుంది అన్నాడు. టాబ్లెట్లు రాసి, మజ్జిగ, మెత్తటి సంగటి కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు.

మా ఇంట్లో ఉంచుకున్నాం. అమ్మ చేత్తోనే తిన్నది. కాస్త తేరుకుని ఒకరోజు తనే పచ్చడి అడిగింది.

"చిన్నమ్మా, నా కడుపులో మందూ లేదు మాకూ లేదు. ఆయన లేక మింగుడు పడడంల్యా, అంతే."

అయినా అత్తింటివాళ్లు వచ్చి తీసుకుపోయారు. టాబ్లెట్లు ఆపించారు. మళ్లీ పసరు, మళ్లీ వాంతులు. ఎన్నిసార్లు కక్కించారంటే చెప్పరు.

ఎందుకు చెప్పరు?

నిన్న సాయంత్రం మట్టి చేసి వచ్చాక, అమ్మ అన్నం వండి అక్క అత్తింటికి క్యారియర్ తీసుకుపోయింది. అందరూ ఆకలి మీదే ఉన్నారు. ఒక్కరూ ముట్టలేదు.



అమ్మ వాళ్ల ముందే కింద కూర్చుని, మూత తీసి, ప్రతి గిన్నెలోంచి ఇంత పెట్టుకుని తిన్నది. ఏడుస్తూ తిన్నది.

పోయిరా అక్కా. ఇంక నిన్నెవరూ కక్కించరు. నీ కడుపూ మనసూ చల్లగా ఉండాలి.