మూఢం రాకముందే పాలు పొంగాలి

2024 ఎండాకాలం. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు వెనక గల్లీలో నా ఆఫీసు. ఇళ్ళు అమ్మించడం, కొనిపించడం నా పని. ఆడమనిషికి ఈ బ్రోకర్ పనేంటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత తమ ఇళ్ళ తాళాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ధర కుదిరితే బేరం అయిపోయిందని అందరూ అనుకుంటారు. అసలు తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. ఎవరు ఎప్పుడు ఖాళీ చేయాలి, ఎవరి డబ్బు ఎవరి చేతికి ఎప్పుడు రావాలి, ఎవరింట్లో పాలు ఏ రోజు పొంగాలి? ఇవన్నీ ఒకదానికొకటి అడ్డుపడకుండా చూసుకోవడమే మా పనిలో అసలు కష్టం.

రమణ అంకుల్‌ది గోదావరి జిల్లా. ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రిటైరయ్యాక స్కూటర్ మీద నుంచి పడి వెన్ను దెబ్బతింది. నడుము కింద కాళ్ళు పనిచేయవు. ఉండేదేమో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. ఆసుపత్రికి మోసుకెళ్తే తప్ప ఆయన కిందికి దిగిందే లేదు.

"నాకు పెద్ద ఇల్లు వద్దమ్మాయ్. గుమ్మం దాటితే నేల తగలాలి, అంతే" అన్నారాయన.

ఇంద్రేశంలో అలాంటి ఇల్లు దొరికింది. రెండు గదులు, ముందు వాకిలి. గుమ్మం దగ్గర కాస్త వాలుగా సిమెంటు పోస్తే చక్రాల కుర్చీ సాఫీగా లోపలికి పోతుంది. ఇంటామె యాదమ్మ టిఫిన్ బండి నడుపుతుంది. జిన్నారంలో కంపెనీ గేటు పక్కన మడిగె, అంటే కొట్టుగది, తీసుకుని హోటల్ పెట్టాలని ఇల్లు అమ్ముతోంది. రమణ అంకుల్ ఫ్లాటును కొనేది ఖాజా, ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్. ఖాజాకు బ్యాంకు లోన్ వస్తే ఆ డబ్బు అంకుల్‌కు, అంకుల్ దగ్గర నుంచి యాదమ్మకు చేరాలి. అన్నీ నల్లేరు మీద నడకలాగే కనిపించాయి.

లోన్ శాంక్షన్ అయింది. అంటే ఇస్తామని బ్యాంకు ఒప్పుకుంది. డిస్బర్స్‌మెంట్, అంటే డబ్బు చేతికి విడుదల చేయడం మాత్రం ఆగిపోయింది. ఫ్లాటు తాలూకు లింక్ డాక్యుమెంట్ కావాలన్నారు. మనకు అమ్మినవాళ్ళకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు అది. దాని నకలు సంగారెడ్డిలో తీయించాలి. ఈలోగా మూఢం ముంచుకొస్తోంది. మూఢం విడిచేసరికి ఆషాఢం. శ్రావణం దాకా ఒక్క మంచి ముహూర్తం లేదు.

అందాకా యాదమ్మ ఆగదు. మడిగె చేజారిపోతుందని ఆమె భయం. ఇంకో బేరం కూడా ఆమె గడప దగ్గరే తిరుగుతోంది. ఇల్లు పోతే రమణ అంకుల్ ఆ మూడో అంతస్తులోనే ఉండిపోవాలి.

"మూఢంలోనే మారిపోండి ఆంటీ, ఏం కాదు" అన్నాను అంకుల్ భార్య సత్యవతి ఆంటీతో.

"కొత్తింట్లో మూఢంలో కాలు పెట్టమంటే నా వల్ల కాదు సుజాతా. ఈయన్ని చావు దాకా చూసొచ్చాను. దేవుడికి ఇంకో వంక ఇవ్వను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను అంకుల్ కనిపెట్టేశారు. "ఆవిణ్ణి ఏమనకు. భయపడుతూ వస్తే ఆ ఇంట్లో ఆవిడకు నిద్రపట్టదు" అన్నారు.

దీనికి మాలో ఒక దారి ఉంది. మూఢం రాకముందే కొత్తింట్లో పాలు పొంగించి ఒక రాత్రి నిద్ర చేస్తే చాలు, సామాను తర్వాత ఎప్పుడు చేర్చినా దోషం లేదంటారు. ఆ మాటకు ఆంటీ సరేనన్నారు. ఎగురుకుంటూ ఇంద్రేశం పోయి యాదమ్మను అడిగాను. ఆమె అంతెత్తున లేచింది.

"నేనుండంగనే నా ఇంట్ల వేరేటోళ్ళు పాలు పొంగిస్తరా? నా లక్ష్మిని నేనే ఎల్లగొట్టుకుంటనా? పైసలు రాలే, రిజిస్ట్రీ గాలే. నన్నేమనుకున్నవ్ బిడ్డా?"

ఆమె మాటలో తప్పులేదు. రిజిస్ట్రేషన్ కాకుండా పొజెషన్, అంటే ఇల్లు స్వాధీనం చేయడం, పనికిరాదని అందరికీ చెప్పేది నేనే. అయినా నేను వదిలే రకం కాదు.

"సరే యాదమ్మక్కా. నీ ఇల్లు ఎవరి చేతికి పోతుందో ఒక్కసారి సూడవా?" అని మర్నాడు ఆటో ఎక్కించాను.

రెండో అంతస్తుకే ఆమె మోకాళ్ళు పట్టుకుని కూలబడింది. "పాడుగాను, గిన్ని మెట్లా! గీయన ఎట్ల దిగుతడు?"

"దిగడక్కా" అన్నాను.

పైన రమణ అంకుల్ ఇంటి బేరం ఊసే ఎత్తలేదు. "మీ వాకిట్లోకి ఎండ ఏ వేళప్పుడు వస్తుందమ్మా?" అని అడిగారు.

"పొద్దుగాలనే వస్తదన్నా. కొంచెం సేపు కూసుంటే పానం లేసొస్తది. నువ్వు బయట కూసోక ఎన్నొద్దులైంది?"

"ఆసుపత్రి పార్కింగులో కూర్చోబెట్టారు, అంబులెన్స్ వచ్చేదాకా."

ఆంటీ ఇచ్చిన చాయ్ యాదమ్మ తాగలేదు. మెట్లు దిగుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కిందికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"పొయ్యి, దేవుని పటాలు మా అక్కోళ్ళింటికి పంపుత. పొయ్యి లేసినంక అది నా ఇల్లు గాదు, ఇగ వాళ్ళు పాలు పొంగించుకోని. పైసలు మాత్రం నువ్వే ఇప్పియ్యాలె. నీ మీదనే ఉన్న."

సరేనని మాటిచ్చాను. ఆ మాట పోతే నేను ఈ గల్లీలో తలెత్తుకోలేను. ఖాజాకు ఫోన్ చేశాను.

"అక్కా, ఫికర్ చెయ్యకు. లీవ్ పెడ్త. సంగారెడ్డి పోయి కాయితం తీసుకోనే వస్త" అన్నాడు.

మూఢం ముందు చివరి ముహూర్తానికి ఖాజా, అతని తమ్ముళ్ళు అంకుల్‌ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. ఇంద్రేశంలో గుమ్మం ముందుకు రాగానే పంతులుగారు అలవాటుగా "కుడికాలు ముందు పెట్టండి" అనేశారు.  సత్యవతి ఆంటీ కింద కూర్చుని, ఆయన కుడిపాదాన్ని రెండు చేతులతో ఎత్తి గడప మీద ఆనించారు. యాదమ్మ గేటు బయటే నిలబడింది, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. పాలు పొంగాయి.

ఆ రాత్రి నిద్ర చేసి పొద్దున్నే ఫ్లాటుకు తిరిగి వెళ్ళాలని, సామానుతో పాటు రిజిస్ట్రేషన్ తర్వాతే రావాలని నా ప్లాను. తెల్లారి ఖాజా తమ్ముళ్ళు కుర్చీ పట్టుకోబోతే, వాకిట్లో ఎండలో కూర్చున్న అంకుల్ గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకున్నారు.

"నన్ను మళ్ళీ పైకి ఎక్కించకండిరా" అన్నారు. ఖాజా తమ్ముళ్ళు వెనక్కి తగ్గారు.

అక్కవాళ్ళింటి నుంచి అప్పుడే వచ్చి గేటు బయట నిలబడిన యాదమ్మ వైపు నేను భయంగా చూశాను. కాగితాల ప్రకారం ఇల్లు ఇంకా ఆమెదే.

"ఉండనియ్యి బిడ్డా. ఎవలింట్ల ఉన్నడు? ఆయనింట్లనే ఉన్నడు గదా" అంది.

ఖాజా తెచ్చిన కాగితంతో బ్యాంకు కదిలింది. రెండు రిజిస్ట్రేషన్లూ మూఢంలోనే అయ్యాయి. యాదమ్మ డబ్బు యాదమ్మకు చేరింది, మడిగె దక్కింది.

అంతకు ముందు ఎవరు వచ్చినా నేను రిజిస్ట్రేషన్ తేదీ పెట్టుకుని, దాని చుట్టూ మనుషుల్ని సర్దేదాన్ని. ఇప్పుడు ఇల్లు అమ్ముతామని వస్తే మొదట ఒకటే అడుగుతాను: "మీ ఇంట్లో ఇంక ఆగలేని మనిషి ఎవరు?" వాళ్ళు చేరాల్సిన రోజు ముందు రాసుకుంటాను. బ్యాంకును, సామాను లారీని, నా కమీషన్‌ను ఆ తర్వాతే సర్దుతాను.