పిసకని రొట్టె

మా తోడికోడలు రొట్టె చేస్తుంది, చేతికి పిండి అంటదు. ఇది చాడీ అని మీరనుకుంటే అనుకోండి, నాకేమీ నష్టం లేదు.

మైదాలో ఉప్పు, చిటికెడు ఈస్టు వేసి, నీళ్ళు పోసి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి మూత పెట్టేస్తుంది. ఇక ఆ గిన్నె వైపు చూడదు. ఫోను చూసుకుంటుంది, బట్టలు ఆరేసుకుంటుంది, తీరిగ్గా తల దువ్వుకుంటుంది. మార్కాపురం ఎండకు పిండి దానంతట అదే పొంగి మధ్యాహ్నానికి మూతను ఎత్తేస్తుంది. అప్పుడు మూత ఉన్న మందపాటి గిన్నెను ఓవెన్‌లో బాగా కాలనిచ్చి, పిండిని అందులోకి జార్చి, మళ్ళీ మూత పెడుతుంది. పైన పెంకులా గట్టిగా, ఎర్రగా, లోపల దూదిలా మెత్తగా రొట్టె వస్తుంది. పిసకాల్సిన పనే లేని రొట్టె అట. ఫోన్‌లో చూసి నేర్చుకుంది.

నాకు తెలిసిన రొట్టె అది కాదు. మా పుట్టిల్లు బేస్తవారిపేట దగ్గర. అక్కడ రొట్టె అంటే జొన్నరొట్టె. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ మరిగే నీళ్ళు పిండిలో పోసి, చెయ్యి కాలుతుండగానే పిసకాలి. జొన్నపిండికి జిగురు ఉండదు. ఎసరూ అరచేతి బలమూ కలిస్తేనే అది మాట వింటుంది. లేకపోతే తట్టేటప్పుడు అంచులు చీలిపోతాయి. చిన్నప్పుడు ఆ చీలికలు చూసి మా అమ్మ నా చేతి మీద ఒకటి వేసేది. "పిండిని గాదు, ముందు నీ బద్ధకాన్ని పిసుకు" అనేది.

పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. దాదాపు ప్రతి సాయంత్రం మా ఆయనకు ఆ రొట్టెలే. ఆయన పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వచ్చి, రాతిపొడి పోయేలా చేతులు కడుక్కుని, పీట మీద కూర్చుంటాడు. రెండు తిన్నాక మూడోది కావాలంటే కంచం కొంచెం ముందుకు జరుపుతాడు. అంతకు మించి మాట ఉండదు. బాగుందని ఎప్పుడూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఈ మనిషికి తిండి గురించి నోరు రాదులే అని సర్దుకుపోయాను.

నిరుడు మా మరిది ఓవెన్ కొన్నాడు. వాళ్ళుండేది మా మిద్దె మీదే. ఒక ఆదివారం తోడికోడలు రొట్టెను గుడ్డలో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. లోపల ఉడికిందో లేదో తెలియడం లేదు, కోసి చూడాలంటే భయంగా ఉంది, చూసి చెప్పక్కా అని అడిగింది. అడిగింది నన్నే. నేను చెయ్యి చాపేలోపు మా ఆయన దాన్ని అందుకుని, తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో పలకనూ అట్లాగే తట్టి వింటాడు. లోపల బీట ఉంటే మొద్దుగా మోగుతుందట. ఈ రొట్టె మొద్దుగా కాక డొల్లగా మోగింది. ఉడికిందని చెప్పాడు. కోస్తే నిజంగానే ఉడికింది.

ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాడు. నమిలి, "శానా బాగుందిమ్మా" అన్నాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇదేమో పొరుగిల్లు కూడా కాదు, నా నెత్తి మీది ఇల్లు.

ఇక ప్రతి ఆదివారం అదే తంతు. ఆమె తెస్తుంది, తట్టి చూడమని బావను అడుగుతుంది, ఆయన తట్టి వింటాడు. చల్లారుతున్నప్పుడు ఆ పెంకు చిటపటమని సన్నగా పగులుతుంది. అందరూ మాటలాపి ఆ చప్పుడు వింటారు. ఆ పిల్లకు ఏ కల్మషమూ లేదు, ముందు ముక్క నాకే పెడుతుంది. అయినా నా కుళ్ళు తగ్గలేదు. నా రొట్టె ఏ చప్పుడూ చేయదు. పెనం మీద కొంచెం ఉబ్బి, ఆవిరి వదిలి, కంచంలో మెత్తగా పడుకుంటుంది. దాని దగ్గర చెవి పెట్టేవాళ్ళెవరు?

మా మరిదితో కలిసి ఆమె పుట్టింటికని గిద్దలూరు పోయినప్పుడు మిద్దె తాళం నాకిచ్చింది. మరుసటి పొద్దున్నే పైకెక్కాను. నాకు కావలసింది ఆయన నోట 'బాగుంది' అనే ఆ ఒక్క మాట. కొలతలన్నీ ఆమె చెప్పగా విన్నవే. నీళ్ళు పోయాలన్నది గానీ ఏ నీళ్ళో అనలేదు. రొట్టెకు పోసే నీళ్ళు నాకు ఒక్కటే తెలుసు. ఎసరు పెట్టి మరిగించి పోశాను. గరిటె తిప్పబోయి, చేతులు ఊరుకోక, పిసికాను కూడా. సాయంత్రమైనా అది పొంగలేదు. మొండిగా ఓవెన్‌లో పెట్టాను. మా ఆయన తట్టి చూసి, కోయకుండానే కింద పెట్టాడు.

సిగ్గు చంపుకుని తోడికోడలికి ఫోన్ చేశాను. ఆమె నవ్వి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి పనికొచ్చేది. "మరిగే నీళ్ళు పోస్తే ఈస్టు సచ్చిపోతాది అక్కా, చల్లనీళ్ళు పోయాల" అని నెమ్మదిగా చెప్పింది.

మర్నాడు చల్లనీళ్ళు పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుని ఆ గిన్నె ఎదుటే కూర్చున్నాను. పిండి ఎదురుగా ఉంటే చేతులు ఖాళీగా పెట్టుకోవడం కంటే చాకిరీ ఇంకోటి లేదు. ఈసారి పొంగింది. ఎర్రగా కాలింది. గుడ్డలో పట్టుకుని మెట్లు దిగుతుంటే నా చేతుల్లోనే చిటపటలాడింది. మా ఆయన తట్టాడు, విన్నాడు, కోశాడు, నమిలాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"బాగుంది" అన్నాడు.

ఆ మాట నా మనసులోకి దిగేలోపే ఇంకో ముక్క తీసుకున్నాడు.

"అచ్చం ఆయమ్మ చేసినట్టే ఉంది."

పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. మిగిలిన రొట్టె ఎదురింటి వాళ్ళకు ఇచ్చేశాను.

మరుసటి సాయంత్రం ఎసరు పెట్టాను. చెయ్యి కాలేదాకా పిసికాను, కోపమంతా తీరేలా తట్టాను. ఆయన ఎప్పటిలాగే రెండు తిన్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి అడిగాను, "ఎట్ల ఉంది?" అని.

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు వింతగా చూసి, "ఏంది? రొట్టె గదా" అన్నాడు. కంచం ముందుకు జరిపాడు.

ఎవరు చేసినట్టు ఉందో మాత్రం చెప్పలేదు. మూడోది వేశాను.