బకెట్లో పెళ్ళికొడుకు

ఉమామహేశ్వరరావు గారికి చెర్రీచెట్టు కనబడితే చాలు, గోత్రం అడుగుతారు. చెట్టు చెప్పదు కాబట్టి ఆయనే చెబుతారు. ఆస్ట్రేలియాలోని ఆరెంజ్ ఊళ్ళో ఏ పెరటి చెర్రీకి ఏ పెరటి చెర్రీతో కుదురుతుందో ఆయనకి కొట్టినపిండి. సొంత పెళ్ళిరోజు మాత్రం ఏటా మర్చిపోతారు.

వైశాలి ఆ ఊరికి కొత్త. భర్త భార్గవ్ గనిలో ఉద్యోగం, వెళ్ళాడంటే వారాల తరబడి రాడు. ఇంట్లో తనూ, లాప్‌టాపూ. "ఈ స్ప్రింగ్ అవగానే సిడ్నీ షిఫ్ట్ అయిపోదాం. అక్కడ ద పాండ్స్ పేటలో అయితే కిటికీ తీస్తే తెలుగు వినబడుతుంది" అని ఫోన్లో తెగేసి చెప్పింది. ఆ మర్నాడే పెరటి గోడ మీదుగా ఓ టోపీ లేచింది.

"అమ్మాయ్, మీ చెర్రీ పెళ్ళీడుకొచ్చింది, చూసుకున్నావా?"

"మీరెవరు అంకుల్?"

"అది తర్వాత. ఎస్ త్రీ, ఎస్ ఫోర్ గోత్రం. మంచి సంబంధం చూడాలి."

"చెట్లకి గోత్రాలేంటి?"

"అయ్యో రామ! చెర్రీకున్న పట్టింపు మనకెక్కడిది? తన గోత్రం పుప్పొడొస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది, తన సొంతదైనా సరే! బింగ్, లాంబర్ట్ రకాలకి పేర్లే వేరు, గోత్రం ఒకటే. పక్కపక్కన ఎన్నేళ్ళున్నా కాయ పడదు. మీ దానికి వేన్ రకం కావాలి. డాక్టర్ శేషగిరి గారి పెరట్లో ఉన్నాడు, బుద్ధిమంతుడు."

ఆదివారం పెళ్ళికొడుకు దిగాడు. బకెట్ నీళ్ళలో పూలకొమ్మలు! ఉమామహేశ్వరరావు గారి కారు ముందుసీట్లో బకెట్‌కి సీట్‌బెల్ట్, వెనకసీట్లో పులిహోర గిన్నె పట్టుకుని ఆయన భార్య కళావతి. ఇంకో కారులో మగపెళ్ళివారు శేషగిరీ, ఆయన భార్య కౌసల్యా. ఉమామహేశ్వరరావు గారు బకెట్‌ని చెట్టుకింద పెట్టి, తేనెటీగల వెంటపడి "ఇటు రండమ్మా, మీరు లేకపోతే పెళ్ళెలా?" అని బతిమాలుకున్నారు.

"మావాణ్ణి ఎండలో నిలబెడతారా?" అని శేషగిరి అలిగారు. వైశాలి పరుగున గొడుగు తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

కొమ్మలు వాడగానే కొత్త బకెట్, కొత్త చుట్టాలు. పూత రాలేదాకా పెరట్లో రోజూ ఎవరో ఒకరు. సెలవుకొచ్చిన భార్గవ్ తన కుర్చీలో పెసరట్టు తింటున్న పెద్దమనిషిని చూసి బిత్తరపోయాడు.

"ఎవరే వీళ్ళంతా?"

"మగపెళ్ళివారు. నువ్వెళ్ళి కాఫీ కలుపు."

డిసెంబర్లో చెట్టు విరగకాసింది. వైశాలి గిన్నెడు పళ్ళతో కళావతి దగ్గరికి పరిగెత్తింది. "ఆంటీ, అంకుల్ కుదిర్చిన సంబంధం సూపర్ హిట్!"

కళావతి పడీపడీ నవ్వింది. "పిచ్చిపిల్లా! అది స్టెల్లా రకం. దానికి ఆ పట్టింపే లేదు. తన పుప్పొడితో తనే కాస్తుంది."

"అంకుల్‌కి తెలీదా?"

"తెలియకేం, ఆయన డాక్టరేటే చెర్రీల మీద! నువ్వు ఒక్కదానివే పెరట్లో దిగాలుగా కూచోవడం వాకింగ్‌లో చూశారు. ఉత్తినే పలకరిస్తే మొహమాటపడతావని ఇంత పెళ్ళి పెట్టారు."

వైశాలికి ఆయన మీద కోపం రావాలో ప్రేమ రావాలో తెలియలేదు. ప్రేమే వచ్చింది. ఆ రాత్రి "సిడ్నీ మాట మళ్ళీ ఎత్తావంటే ఊరుకోను" అని భర్తని కేకలేసింది. ఎత్తింది ఎవరో అతను గుర్తు చెయ్యలేదు, తెలివైనవాడు.

మరుసటి స్ప్రింగ్‌కి ఎదురింట్లో జశ్వంత్ అనే కుర్ర నర్సు దిగాడు. ఒంటరివాడు, ఎవరైనా ఎదురైతే తల దించుకుపోతాడు. వాకిట్లో ఉన్నదల్లా ఓ నిమ్మచెట్టు.

"అంకుల్, ఆ నిమ్మకి సంబంధం చూడరూ?" అంది వైశాలి.

"నిమ్మకెందుకమ్మా, అది తనంతట తనే..." అంటూ ఆమె మొహం చూసి ఆగిపోయారు. ఎదురింటి కిటికీ వంక చూశారు. టోపీ సర్దుకున్నారు.

"అమ్మో, నిమ్మది మహా పట్టింపు! పులిహోర నువ్వు చేస్తావా, మీ ఆంటీకి చెప్పనా?"